పొలిమేర అవతల ఆవకాయ

నాచారం,
9 మార్చి 2025

మనస్వినికి,

నువ్వు వ్యాన్ ఎక్కి వెళ్లాక నీ ఫోన్ ఇంట్లో మోగడం మొదలుపెట్టింది. ఒకదాని వెనక ఒకటి అలారాలు. ఒక్కోదానికి పేరు కూడా పెట్టుకున్నావు: 'లే', 'ఇక లే', 'సిగ్గు లేదా'. చివరిది నా గొంతే అని ఈరోజే తెలిసింది. నాకు చెప్పకుండా నన్ను రికార్డు చేసుకుని, రోజూ నా నోరు నొక్కి మళ్లీ పడుకున్నావన్నమాట.

ఆ అడవి శిబిరంలో ఫోన్లు పనికిరావన్నారు కనుక ఉత్తరాలే గతి. వాళ్ల వ్యాన్ వారం వారం ఉప్పల్ నుంచి అడవికి వెళ్తుందట, అందులో పంపుతాను. మన మధ్య అనుకున్న మాట కూడా కాగితం మీద పెడుతున్నాను. ఆ కోయ పెద్దలు తమంతట తాము 'ఇక చాలు, వెళ్లు' అనేదాకా అక్కడ ఉంటే నీ ఉద్యోగం గురించీ పెళ్లి గురించీ ఈ జన్మలో నోరెత్తను. మధ్యలో పారిపోయి వస్తే నేను చెప్పినట్టు బ్యాంకు పరీక్షకు కూర్చుంటావు. సంగీతం, సి.ఏ., ఈత, ఫ్రెంచి, నిశ్చితార్థం. నువ్వు మొదలుపెట్టి వదిలేసినవి ఇవి. చివరిదాన్ని వదిలినందుకు మాత్రం తప్పు పట్టను. ఆ అబ్బాయికి 'ణ' పలకదు.

కింది వాటాలో త్రివేణి అడిగింది. "టీచరమ్మా, మనూ అడివిల సన్నాసం దీసుకున్నదట గదా?"

"సన్నాసం కాదే. క్రమశిక్షణ నేర్చుకోవడానికి వెళ్లింది."

"గది నేర్వనీకి గంత దూరమెందుకు? మీ ఇంట్ల ఉన్నది సాలలేదా?"

నాకూ అదే సందేహం.

నెలాఖరులోపు నిన్ను గుమ్మంలో చూడబోతున్న
అమ్మమ్మ


చీమలవాగు గూడెం,
18 మార్చి

అమ్మమ్మా,

నెలాఖరు అన్నావు. మాతో వచ్చిన ఒకాయన మూడో రోజే వెళ్లిపోయాడు. ఆయన కాదు నేను.

ఇక్కడ మాకు ఇద్దరు పెద్దవాళ్లు. ఒకరు 'మూలవాసి సాధన' నిర్వాహకుడు ఫణీంద్ర. నిన్నటిదాకా హబ్సిగూడలో సాఫ్ట్‌వేర్, ఇప్పుడు మెడలో గింజల దండ. రెండోవారు సారలమ్మగారు, కోయ పెద్దావిడ. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యారు. నీలాగే నడుము వంచరు, నీలాగే ఎదుటివాళ్ల గోళ్లు చూస్తారు.

మొదటిరోజు నాగచైతన్య అనే అబ్బాయి చేతులు జోడించి అడిగాడు. "అమ్మా, మీ సంప్రదాయంలో ధ్యానం ఎలా చేస్తారు?"

"ధ్యానమా? మాకు పనున్నది బిడ్డా" అని ఆవిడ గంప తీసుకుని వెళ్లిపోయారు.

ఫణీంద్ర కళ్లు మూసుకుని, "పనే ధ్యానం అంటున్నారు" అని మాకు అనువదించాడు. అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను, క్షమించు.

ఇప్పపువ్వు ఏరడం మా పని. తెల్లారకముందే రాలుతుంది. లేవకపోతే ఎవరూ తిట్టరు. పువ్వు పశువులు తినేస్తాయి, అంతే. తిట్టేవాళ్లు లేకపోతే పడుకోవడంలో మజా ఉండదని నాకిక్కడే తెలిసింది. ఇప్పుడు చీకటితోనే లేస్తున్నాను. అవును, మళ్లీ చదువుకో.

వెళ్లగానే వంగి ఏరకూడదు. చెట్టుకు మొక్కాలి, 'తీసుకోనా' అని అడగాలి, కాసేపు ఆగాలి. "ఆగడం ఎందుకమ్మా?" అంటే సారలమ్మగారు నా వైపు అదోలా చూశారు. "అడిగినవ్ గదా. జవాబియ్యనీకి దానికి టైమియ్యవా?" నేను ఎవరినైనా ఏదైనా అడిగి జవాబు కోసం ఆగానా అని ఆ రోజంతా ఆలోచించాను.

తిండి జొన్న గటక, పప్పు. బాగానే ఉంటుంది. నీ ఆవకాయ మాత్రం కల్లోకి వస్తోంది.

నీ,
మనూ


నాచారం,
6 ఏప్రిల్

తెల్లవారుజామున లేచే మనస్వినికి,

నువ్వు లేచావన్న వాక్యాన్ని నువ్వు చెప్పినట్టే మళ్లీ చదివాను. ముప్పై నాలుగేళ్లు గణితం చెప్పి, పక్కగదిలో ఉన్న మనవరాలిని లేపలేకపోయిన నేను, ఒక పువ్వుతో లేపిన ఆవిడను అభినందించాలి కాబోలు. తీరిక చూసుకుని అభినందిస్తాను.

మీ సంస్థ సంగతేమిటో చూద్దామని ఉప్పల్ వెళ్లాను. మెట్రో స్టేషన్ వెనక వీధి. కింద టైల్స్ దుకాణం, పైన మూలవాసి సాధన. గోడకు విల్లు, విల్లు కింద ఏసీ. హరిణి అనే పిల్ల మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది.

"మేడమ్, మీ వయసువాళ్లు అడవికి వెళ్లక్కర్లేదు. అడవి శబ్దాలే మీ ఇంటికి వస్తాయి. ఆడియో ప్యాకేజీ."

"మా ఇంటి వెనక పారిశ్రామికవాడ ఉందమ్మా. శబ్దాలకు కొరత లేదు. ఆ అడవి గురువులకు మీరేమిస్తారు?"

"గౌరవం ఇస్తాం మేడమ్."

"అదొక్కటేనా?"

ఆ పిల్ల నవ్వి ఏసీ పెంచింది.

ఇవాళ శ్రీరామనవమి. పానకం నువ్వు లేవు కనుక మిగిలింది. మల్కాజిగిరి మార్కెట్లో ఈ ఏటి కాయ దిగింది, నారబారకుండా పుల్లగా ఉంది. కలల దాకా వెళ్లింది కనుక ఆవకాయ కలిపి ఈ వ్యాన్లోనే జాడీ పంపుతున్నాను. వాసెన గట్టిగా కట్టాను. ఇది తిన్నాక ఆ గటక గొంతు దిగుతుందో లేదో చూద్దాం. దిగకపోతే హనుమకొండ నుంచి ఉప్పల్‌కు బస్సులు బోలెడు.

ఓడిపోవడం అలవాటు లేని
అమ్మమ్మ


చీమలవాగు,
11 ఏప్రిల్

అమ్మమ్మా,

వ్యాన్ బయలుదేరుతోంది, రెండు ముక్కలే రాస్తున్నాను. జాడీ అందింది. తినలేదు. కొత్త కదా, ముట్టకూడదన్నారు. సారలమ్మగారు దాన్ని ఎవరూ చేత్తో తాకకుండా కర్రకు కట్టించి, మోయించి, పొలిమేర అవతల పెట్టించారు. ఏమీ అనుకోకు. మిగతాది వివరంగా రాస్తా.

మనూ


నాచారం,
15 ఏప్రిల్

మనస్వినీ,

ఏమీ అనుకోవద్దని రాశావు. అనుకున్నాను.

కొత్తవాళ్ల చేతిది ముట్టరా? నేను ఆ ఊరికి కొత్త కనుక నా చేతి వంట కర్రకు కట్టి మోయించారా? నా చేతి ఆవకాయ కోసం మీ తాతయ్య ఆఫీసు నుంచి సైంటిస్టులు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. దాన్ని ఊరి బయట పెట్టించారు! అంటరానిదన్నట్టు! నువ్వు నిలబడి చూశావు. నోరు పెగల్లేదా?

త్రివేణికి చెప్పి నా కడుపుమంట చల్లార్చుకుందామనుకున్నాను. ఆమె పడీ పడీ నవ్వింది.

"ఎందుకే నవ్వుతావు?"

"ఏం జేద్దాం టీచరమ్మా. మా నాయినమ్మకు గూడ ఊళ్లె చాయ్ గ్లాసు ఏరేనే ఉండె. అరుగు మీద కాదు, అరుగు కింద. ఆమె గిట్ల ఉత్తరాలు రాయలె. గంతే ఫరక్."

ఆమె మీద కోప్పడే హక్కు నాకు లేదు. కనుక కోపమంతా నీ మీదే పెట్టుకుంటున్నాను.

వెంటనే బయలుదేరి రా. నువ్వు ఓడినట్టు లెక్కవేయను. పందెమే రద్దు. నా గౌరవం పొలిమేర దాటిన చోట నువ్వు కూర్చుని పువ్వులు ఏరనక్కర్లేదు.

హైమావతి


చీమలవాగు,
19 ఏప్రిల్

అమ్మమ్మా,

ముందు నీ కోపం తీరే మాట. కొత్తవి మనుషులు కాదు, కాయలు. ఏటా మామిడి మొదటి కాపును ఊరంతా కలిసి అమ్మవారికి పెట్టి పండుగ చేసేదాకా ఇక్కడ ఎవరూ కొత్త కాయ నోట పెట్టరు. దాన్నే 'కొత్త' అంటారు. ఊళ్లోకీ తేకూడదు. చెట్లకు కాపలా లేదు. పిల్లలు వాటి కిందే ఆడుకుంటారు, రాలిన కాయ కూడా తీయరు. చిన్నపిల్ల ఒకతి కాయను కాలితో పక్కకు నెట్టి గెంతుకుంటూ పోవడం చూశాను. సారలమ్మగారికి కారణం కావాలా అంటే చెబుతారు: "టెంక గట్టకముందే తెంపితె చెట్టుకేం మిగుల్తది, పిట్టకేం మిగుల్తది?" కారణం వద్దంటే, "అమ్మ తిననిది మనమెట్ల తింటం?" అంటారు. నీ జాడీ చూసి నిట్టూర్చారు కూడా. "పోయినేటిదైతె నేను గూడ కలుపుకుందును. వాసన మస్తున్నది."

అది వివరంగా రాద్దామనుకునేలోపు ఘోరం జరిగింది. నిన్న మధ్యాహ్నం నాగచైతన్య, ఇంకో ముగ్గురు పొలిమేర దాటి వెళ్లి జాడీ విప్పారు. నాలుగో ఆకు వేసుకుని కూర్చున్నది ఎవరో చెప్పు. ఫణీంద్ర. మాకు 'ఇంద్రియ నిగ్రహం' మీద పాఠం చెప్పి తిన్నగా అక్కడికే వెళ్లాడు.

వాళ్లు తిరిగి రాగానే సారలమ్మగారు, "చెయ్యి జూపియ్" అన్నారు. ఆవపిండి వాసన ఎక్కడికి పోతుంది?

"ఊరి హద్దు అవతలే తిన్నాం కదమ్మా. సాంకేతికంగా ఊళ్లో కాదు" అన్నాడు ఫణీంద్ర.

"నోరు నీతోనే ఊళ్లెకొచ్చింది గదా."

జరిమానా కడతామన్నాడు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పైసలిస్తె కాయ మల్ల చెట్టుకంటుతదా?" తిన్నవాళ్లందరినీ సాయంత్రానికల్లా పంపించేశారు. వ్యానూ పోయింది. ఇక నుంచి ఉత్తరాలు పోస్టులోనే.

ఇక నా సంగతి. నేను తినలేదు. కానీ కొత్త నా పేరు మీద వచ్చింది. సారలమ్మగారి తీర్పు ఇది. "తిననామె ఉండొచ్చు. గని కొత్త వచ్చిన తప్పు మీదున్నది. పంపినామె తప్పయిందని చెప్పాలె, పండుగ ముందల. రాలేకుంటె రాసి పంపాలె. లేదంటె ఈ పిల్ల గూడ పోవాలె."

"మా అమ్మమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదమ్మా" అన్నాను.

"గట్లనా? ఐతె సూద్దాం."

నువ్వు రాయకపోతే నన్ను పంపేస్తారు. పందెం నువ్వే గెలుస్తావు. అది నీకు తెలుసని నాకు తెలుసు. నాకు ఇక్కడ ఉండాలని ఉంది అమ్మమ్మా. మొదటిసారి ఒకటి చివరిదాకా చూడాలని ఉంది.

మనూ


నాచారం,
23 ఏప్రిల్

మనస్వినికి,

కొత్త అంటే కాయ అన్న సంగతి 'కొత్త' పక్కన 'కాయ' అని రాసి ఉంటే ఇన్ని రోజుల కోపం నాకు తప్పేది. వాక్యంలో నామవాచకం మింగేయడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నిన్న కొరియర్‌లో నీకొక సర్టిఫికెట్ వచ్చింది. 'మూలవాసి సాధన విజయవంతంగా పూర్తి చేసినందుకు' అని, పక్కన విల్లు బొమ్మ. నువ్వేమో ఇంకా అక్కడే ఉన్నావు. హరిణికి ఫోన్ చేసి అడిగితే, ఆవకాయ తిని వెళ్లగొట్టబడిన వాళ్లకు కూడా ఇచ్చారట. ఫణీంద్రగారి చేత్తో సంతకం. కాగితం వాసన చూశాను, ఆవపిండి రాలేదు.

నీ పందెం నీతి గురించి నాకు పాఠం చెప్పనక్కర్లేదు. అడ్డదారి గెలుపు నాకెందుకు? ఆ ఊరి పెద్దలకు ఉత్తరం జతచేశాను. చూపించు.

అమ్మమ్మ

(జత)
చీమలవాగు గ్రామ పెద్దలకు: తమ ఆచారముల విషయమై తగిన సమాచారము లభ్యము కానందున నా వలన జరిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాను. ఇట్లు, పి. హైమావతి, విశ్రాంత గణితోపాధ్యాయిని.


చీమలవాగు,
28 ఏప్రిల్

అమ్మమ్మా,

చదివి వినిపించాను. సారలమ్మగారు కాగితం తీసుకుని తనే మళ్లీ చదివారు. ఆవిడకు కళ్లజోడు లేదు, చేయి చాచి దూరంగా పట్టుకుని చదువుతారు.

"అక్షరం ముత్యమున్నట్టున్నది. గని మాట మండలాఫీసు నోటీసు లెక్కున్నది. 'సమాచారము లభ్యము కానందున' అంటె? తప్పు మాదేనా, ముందల్నే చెప్పనందుకు?"

"తెలియక జరిగిందని అమ్మా."

"తెల్వదన్నది ఎనకకు. తప్పన్నది ముందల. తిప్పి రాయమను."

తిప్పి రాయమన్నారు అమ్మమ్మా. నిన్ను. అక్కడున్న పెద్దలు కూడా తలూపారు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. నా నోటుపుస్తకాల మీద నువ్వు ఎర్ర సిరాతో రాసే మాట అదే.

పండుగ పున్నమికి, మే పన్నెండున. ఆలోపు నీ ఉత్తరం రాకపోతే నేను మూట కట్టుకోవాలి. నిన్న సారలమ్మగారు నాకు గంప అల్లడం చూపించారు. సగం అయింది. విప్పించి మళ్లీ మొదలుపెట్టించారు. మీరిద్దరూ ఎప్పుడూ కలవకపోతే మంచిది.

మనూ


నాచారం,
2 మే

మనస్వినికి,

నా రాతను తిప్పి పంపినవాళ్లు ఇంతవరకు పుట్టలేదు. పుట్టి, పెరిగి, అంగన్‌వాడీలో చేసి, రిటైరయ్యారని ఇప్పుడే తెలిసింది.

మొన్న రెండో ఉత్తరం రాశాను. పెద్ద కాగితం మీద, నిండా. మీది అనాది సంస్కృతి, ప్రకృతిని తల్లిగా కొలిచే మహోన్నత జీవనం, నగరవాసులమైన మేము ధన్యులము, ఇలా సాగింది. నాకే ముచ్చటేసింది. త్రివేణి కూరగాయలు ఇవ్వడానికి వస్తే చదివి వినిపించాను.

"గిది మాఫీ అడుగుడా, సన్మాన పత్రమా టీచరమ్మా?"

"అంత గౌరవంగా రాస్తే అర్థం కాదా?"

"మంచిగనే అర్థమైతది. శాలువ గూడ కప్పుతున్నరనుకుంటరు. తప్పెక్కడున్నదో దొర్కదు ఇండ్ల." ఇంకో మాట కూడా అంది. "అరుగు కిందికెళ్లి మా నాయినమ్మ గూడ ఒక్కదాని కోసమే జూసింది. పొగడ్త గాదు."

కాగితం చింపేశాను. ఆ తర్వాత అసలు వాక్యం రాయడానికి కూర్చున్నాను. ఎంతసేపు పట్టిందో నీకు చెప్పను. ఎప్పుడు రాయబోయినా 'కానీ' అన్న మాట ముందు వచ్చి కూర్చుంటుంది. దాన్ని కొడితే 'ఎందుకంటే' వస్తుంది. పిల్లల చేత ఇంపొజిషన్ రాయించినప్పుడు అది ఎంత బరువో నాకు తెలియదు. చివరికి వచ్చిన వాక్యం కింద ఉంది. దీనికి ముందూ వెనకా ఏమీ చేర్చవద్దు, నీ అనువాదం అసలు వద్దు.

'సారలమ్మగారూ, పండుగ కాకముందే మీ ఊరికి కొత్త పంపాను. తప్పయింది. హైమావతి.'

ఇది కూడా తిప్పి పంపితే, నేనే బస్సెక్కి వస్తాను. అప్పుడు వాళ్లకు అసలు కష్టం తెలుస్తుంది.

అమ్మమ్మ


చీమలవాగు,
13 మే

అమ్మమ్మా,

నీ వాక్యం పండుగకు మూడు రోజుల ముందు అందింది. సారలమ్మగారు చెట్టు కింద అందరి ముందూ చదివారు. చదివాక పువ్వు దగ్గర ఆగినట్టే ఆగారు.

"ఇగ మంచిగున్నది" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు రెండు నెల్ల సంది నేర్సుకునేది గామె రెండు ఉత్తరాలల్ల నేర్సుకున్నది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం మండింది కూడా.

నన్ను ఉండనిచ్చారు. నిన్న పండుగ జరిగింది. దాని గురించి రాయమని అడగకు, రాయాలనిపించడం లేదు. డోలు ఆగాక, అమ్మవారికి పెట్టాక, పెద్దలు తిన్నాక, మా వంతు వచ్చింది. కాయ పుల్లగా ఉంది. నారపల్లి రోడ్డు మీద బండివాడి దగ్గర ఉప్పుకారం చల్లించుకుని నడుస్తూ తింటానే, అలాంటి కాయే. నేను కూర్చుని తిన్నాను.

పొద్దున సారలమ్మగారు గంప నా చేతిలో పెట్టి అన్నారు. "ఇగ సాలు. ఇంటికి పో బిడ్డా."

నేను అనిపించలేదు, నేను బతిమాలలేదు. ఆవిడే అన్నారు. ఆదివారం తర్వాత వస్తున్నాను. ఆ సర్టిఫికెట్ త్రివేణక్క పిల్లలకు ఇవ్వు, వెనకవైపు ఖాళీగా ఉంటుంది.

ఇంకోటి. నీ ఉత్తరాన్ని ఆవిడ దాచుకున్నారు. దాని మూల మీద పెన్నుతో ఏదో వేశారు. ఏమిటని అడిగితే, "మీ అమ్మమ్మకు మార్కులేసిన" అన్నారు.

మనూ


నాచారం,
17 మే

మనస్వినికి,

నువ్వు బయలుదేరేలోపు ఇది అందాలని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

వాళ్లే వెళ్లమన్నారు కనుక నువ్వు గెలిచావు. ఈ క్షణం నుంచి నీ ఉద్యోగం గురించీ పెళ్లి గురించీ నోరెత్తను. మీ అమ్మకూ చెప్పాను, ఆమె నమ్మలేదు. ఇప్పటికే రెండుసార్లు నాలుక కరుచుకున్నాను, అందులో ఒకటి ఈ వాక్యం రాస్తూ.

సారలమ్మగారికి నా నమస్కారం చెప్పు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇతరులకు మార్కులు వేసినదాన్ని నేను. నా కాగితం మీద మార్కులు వేయడానికి ఆవిడెవరు అని నాకు చాలా కోపం వచ్చింది. ఆ మాట కూడా చెప్పు.

చెప్పాక, ఎన్నింటికి ఎన్ని వేసిందో కనుక్కుని రా.

అమ్మమ్మ